అప్పుల రాజీ కుదిరినా ఫోన్లు ఆగడం లేదా? తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ లోక్ అదాలత్ జరిగిన తర్వాత రెండు మూడు వారాలకు, న్యాయ సాయం చేసే నాలాంటి పారా లీగల్ వలంటీర్లకు ఫోన్లు మొదలవుతాయి. "రాజీ అయిపోయింది కదన్నా, మళ్లీ డబ్బు కట్టమంటున్నారే?" అన్నదే ఎక్కువ మంది అడిగే మాట. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టినవాళ్లు, బ్యాంకుతో ఓటీఎస్ (వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే బాకీ తగ్గించి తేల్చుకునే రాజీ) కుదుర్చుకున్నవాళ్లు, వాయిదాలు మార్పించుకున్నవాళ్లు కూడా ఇదే అడుగుతారు. అందుకే ఆ సందేహాలన్నీ వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఒప్పందం కుదిరిన కొత్తలో

సెటిల్‌మెంట్ అయింది, డబ్బు కూడా కట్టడం మొదలుపెట్టాను. ఇంకా ఎందుకు ఫోన్లు చేస్తున్నారు?

మీకు ఫోన్ చేసే మనిషికి, మీతో సంతకం పెట్టించుకున్న మేనేజరుకు చాలాసార్లు పరిచయమే ఉండదు. బ్యాంకు తన మొండి బాకీల జాబితాను వసూలు ఏజెన్సీలకు ఇస్తుంది. ఒకే ఖాతా ఇద్దరు ముగ్గురు ఏజెంట్ల చేతిలో ఉండటమూ మామూలే. బ్రాంచిలో కుదిరిన రాజీ ఆ జాబితాలోకి ఎక్కేదాకా మీ పేరు పాత బాకీతోనే కనిపిస్తుంది. ఏజెంటుకు వచ్చేది వసూలు మీద కమీషన్ కాబట్టి, రాజీ సంగతి తెలిసినా తెలియనట్టు మాట్లాడేవాళ్లు ఉంటారు.

ఇంకో కారణం మనవైపే ఉంటుంది. ఒక అప్పు మీద రాజీ అయి, అదే సంస్థలో ఉన్న క్రెడిట్ కార్డు బాకీ అలాగే ఉండిపోతుంది. అందుకని ఫోన్ ఏ ఖాతా గురించో ముందు కనుక్కోండి. రాజీ అయిన ఖాతా గురించే అయితే, రాజీ లెటరు, కట్టిన రసీదు జతచేసి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పెట్టండి. ఏజెంటుకు ఎంతసేపు నచ్చజెప్పినా అతని కంప్యూటర్లో అంకె మారదు. దాన్ని మార్చగలిగేది బ్యాంకే.

ఐపీ పెట్టాను, కోర్టులో నంబరు కూడా పడింది. ఇక ఎవరూ అడగకూడదు కదా?

అలా కాదు. మన దగ్గర ఐపీ అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్. నంబరు పడటం దానికి మొదలు మాత్రమే. కోర్టు విచారించి మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడే అసలు రక్షణ వస్తుంది. ఆ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అప్పటి నుంచి మీ ఆస్తి కోర్టు లేదా రిసీవర్ (ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) అధీనంలోకి పోతుంది. కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు కొత్త దావా వేయడానికి గానీ, మీ ఆస్తి మీదికి రావడానికి గానీ వీలుండదు. తాకట్టు ఉన్న అప్పు మాత్రం వేరు. ఇల్లో బండో తాకట్టు పెట్టుకున్నవాళ్లకు దాని మీద హక్కు అలాగే ఉంటుంది.

1920 చట్టంలో ఫోన్ల ముచ్చట ఉండదు కాబట్టి, "ఫోన్ చేయకూడదని ఎక్కడుంది?" అని కొందరు ఏజెంట్లు ఎదురు అడుగుతారు. పిటిషన్ నంబరు, కోర్టు పేరు, మీ వకీలు ఫోన్ నంబరు చెప్పి, "ఏదైనా ఉంటే కోర్టులో చెప్పుకోండి" అనండి. పిటిషన్‌లో ఆ అప్పులవాళ్ల పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. పేరు రాయకుండా వదిలేస్తే వాళ్లకు నోటీసు వెళ్లదు, ఫోన్లూ ఆగవు.

2016లో వచ్చిన దివాలా కోడ్ గురించి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. అందులో వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు పూచీ ఉన్నవాళ్లకు మాత్రమే అమల్లోకి తెచ్చారు. మామూలు ఉద్యోగికి, రైతుకు, చిన్న వ్యాపారికి పాత చట్టమే దిక్కు.

లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం, అవార్డు (రాజీ తీర్పు) ఇచ్చారు. బ్యాంకు మాట మార్చి ఎక్కువ అడగొచ్చా?

అడగకూడదు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమని 1987 నాటి న్యాయసేవల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. దాని మీద అప్పీలు లేదు. అది బ్యాంకును ఎంత కట్టేస్తుందో మిమ్మల్నీ అంతే కట్టేస్తుంది. చాలా అవార్డుల్లో "ఒక వాయిదా తప్పినా మొత్తం బాకీ వసూలు చేసుకోవచ్చు" అనే వాక్యం ఉంటుంది. సంతకం పెట్టిన హడావుడిలో ఎవరూ దాన్ని చదవరు. ఇప్పుడైనా తీసి చదవండి. వాయిదా తేదీ దగ్గరపడినా డబ్బు సర్దుబాటు కాకపోతే, తేదీ దాటకముందే బ్రాంచికి వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి.

ఓటీఎస్ లెటర్ వాట్సాప్‌లో పంపారు. అది చాలా?

పంపింది ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్యాంకు లెటర్‌హెడ్, మీ లోను ఖాతా నంబరు, మొత్తం ఎంత, ఏ తేదీలోపు కట్టాలి, కట్టాక ఇక బాకీ లేదన్న మాట, అధికారి సంతకం లేదా బ్యాంకు అధికారిక ఈమెయిల్ ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా బ్రాంచికి వెళ్లి సరిచూసుకోండి. డబ్బు మీ లోను ఖాతాలోకే వెళ్లాలి. "నా ఫోన్‌పే నంబరుకు వేయండి, నేను కట్టేస్తా" అనే ఏజెంటుకు రూపాయి కూడా వేయొద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడి నష్టపోయినవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు.

వాయిదాలు తగ్గించి గడువు పెంచారు. ఇది కూడా సెటిల్‌మెంటేనా?

కాదు. అది రీస్ట్రక్చరింగ్. అప్పు మొత్తం అలాగే ఉంది, కట్టే పద్ధతి మాత్రమే మారింది. కొత్త ఈఎంఐ తప్పితే ఫోన్లు చేసే హక్కు వాళ్లకు ఉంటుంది. కొత్త షెడ్యూలు ప్రకారం కడుతున్నా పాత ఈఎంఐ లెక్కన ఫోన్లు వస్తుంటే మాత్రం అది వాళ్ల పొరపాటు. షెడ్యూలు కాపీ పంపి సరిచేయించుకోండి.

రాజీ అయినా పాత ఈఎంఐ ఖాతాలోంచి కట్ అవుతోంది. బౌన్సు చార్జీలు కూడా పడుతున్నాయి. ఏం చేయాలి?

అప్పు తీసుకున్నప్పుడు మీరు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి ఇంకా అమల్లో ఉందన్నమాట. దాన్ని రద్దు చేయమని అప్పు ఇచ్చిన సంస్థకు, మీ పొదుపు ఖాతా ఉన్న బ్యాంకుకు వేర్వేరుగా లెటరు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే, 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు లాంటి కేసే పెట్టే వీలుంది. కాబట్టి దీన్ని నాన్చకండి.

"మీ ఫోన్లన్నీ మేమే చూసుకుంటాం, ఫీజు కట్టండి" అని ఒక ఏజెన్సీ అంటోంది. చేరొచ్చా?

నన్నడిగితే వద్దంటాను. మీ తరఫున మాట్లాడతామని చెప్పే ప్రైవేటు కంపెనీ మాటకు బ్యాంకు కట్టుబడాలని ఎక్కడా లేదు. వాళ్లు చేసేది మీ సిమ్‌కు వచ్చే ఫోన్లను తమ నంబరుకు మళ్లించుకుని, ఈఎంఐ ఆపేయమని మీకు చెప్పడం. ఈలోపు వడ్డీ పెరుగుతుంది, బ్యాంకు కేసు వేస్తుంది, ఆ నోటీసు సంగతి మీకు ఆలస్యంగా తెలుస్తుంది.

## ఫోన్ మోగినప్పుడు

ఫోన్ ఎత్తాలా, వద్దా?

ఒకసారి ఎత్తండి. ముందు పేరు, ఏజెన్సీ పేరు, లోను ఖాతా నంబరు అడిగి రాసుకోండి. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది ఇంతే: "ఈ ఖాతా మీద ఫలానా తేదీన రాజీ అయింది. దాని ప్రకారం కడుతున్నాను. ఇంకేమైనా ఉంటే లెటరు పంపండి." దీన్ని ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కనే పెట్టుకున్నా తప్పులేదు. వాళ్లు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఇదే వాక్యం మళ్లీ చెప్పండి. జీతమెంత, పిల్లలు ఏ బడి, బంగారం ఉందా లాంటి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పని లేదు.

అసలు ఎత్తకపోతే రెండు నష్టాలున్నాయి. "కస్టమర్ అందుబాటులో లేడు" అని రాసుకుని ఇంటికి మనిషిని పంపుతారు. నిజంగా అవసరమైన కబురు, అంటే వాయిదా జమ కాలేదనో ఖాతా నంబరు తప్పనో చెప్పే ఫోన్ కూడా తప్పిపోతుంది. ఒకసారి స్పష్టంగా చెప్పాక అదే రోజు అదే నంబరు నుంచి మళ్లీ మళ్లీ వచ్చేవాటిని ఎత్తకపోయినా ఫరవాలేదు. కాల్ లాగ్ మాత్రం చెరపకండి.

పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి చేస్తున్నారు. టైము అంటూ ఏమీ లేదా?

ఉంది. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకు గడువు ఇంకా తక్కువ. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత చేయకూడదు. అదేపనిగా మళ్లీ మళ్లీ చేయడం, బెదిరించడం, పేరు చెప్పకుండా మాట్లాడటం, వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో చెడ్డ మెసేజీలు పెట్టడం కూడా ఆ సర్క్యులర్ నిషేధించింది.

రాత్రిపూట తిరుమల కొండ మీదికీ రైల్వే స్టేషన్‌కూ ట్యాక్సీ తిప్పి పగలు నిద్రపోయే డ్రైవర్లు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు ఈ నియమం విని నవ్వుతారు. వాళ్లకు పగలు పదకొండింటి ఫోనే అర్ధరాత్రి ఫోన్. అలాంటివాళ్లు "నాకు సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్యనే వీలు" అని ఈమెయిల్‌లో రాసి పెట్టుకోవడం మేలు.

తమిళంలో, హిందీలో మాట్లాడుతున్నారు, సగం అర్థం కావడం లేదు.

మన జిల్లాలవాళ్లకు ఇది ఎప్పుడూ ఉండే గోల. అప్పు చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న ఆఫీసు ద్వారా వచ్చి ఉంటే ఫోన్లూ అక్కడి నుంచే వస్తాయి. అర్థం కాని భాషలో "ఆమా", "హాఁ" అంటూ తలూపడం ప్రమాదం. రేపు కడతానని మీరు ఒప్పుకున్నట్టు రాసుకుంటారు. "నాకు తెలుగే వచ్చు. తెలుగులో లెటరు పంపండి" అని పెట్టేయండి. ఫైనాన్సు కంపెనీలు అప్పు తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలోనే సమాచారం ఇవ్వాలని ఆర్‌బీఐ నియమావళిలో ఉంది.

కాల్ రికార్డు చేయొచ్చా?

మీరు మాట్లాడుతున్న కాల్‌ను మీ దగ్గర రికార్డు చేసి ఫిర్యాదుకు జతచేయొచ్చు. అసలు ఫైలును అదే ఫోన్లో ఉంచండి, కత్తిరించకండి. కోర్టు దాకా వెళ్తే ఆ ఫోన్ గురించి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టడం మాత్రం మంచిది కాదు.

"ఈరోజు కనీసం రెండు వేలైనా వేయండి, ఫోన్లు ఆపేస్తాం" అంటున్నారు. వేస్తే పోదా?

పోదు. రెండు వేలు వేసినవాడు మళ్లీ వేస్తాడని వాళ్లకు తెలిసిపోతుంది, ఫోన్లు పెరుగుతాయి. అసలు నష్టం అంతకన్నా పెద్దది, మీరు ఏ పద్ధతిలో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది.

ఓటీఎస్‌లో ఉంటే, ఏజెంటు చెప్పిన చోట వేసిన డబ్బు రాజీ లెక్కలో కాకుండా పాత వడ్డీ కింద జమ కావచ్చు. అప్పుడు వాయిదా రోజున మీ లెక్కకు రెండు వేలు తక్కువ పడి, రాజీ రద్దయిందంటారు. ఐపీలో ఉంటే ఇంకా చిక్కు. మిగతా అప్పులవాళ్లను వదిలి ఒక్కరికి మేలు చేసేలా ఇచ్చిన డబ్బును, పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఇచ్చినదైనా, 54వ సెక్షన్ కింద కోర్టు చెల్లదనొచ్చు. దివాలా ఉత్తర్వు వచ్చాక ఆ డబ్బు మీది కూడా కాదు, రిసీవర్ అధీనంలోది. దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు దాటబోతున్న పాత ప్రామిసరీ నోటు మీద కొంత కట్టి, దాన్ని మీ చేతిరాతతోనో సంతకంతోనో రాసిచ్చారంటే, గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

అందుకే షెడ్యూలులో లేని రూపాయి ఫోన్ మీద ఒప్పుకోకండి, దయతలచి కూడా. డబ్బు చేతిలో మిగిలితే తర్వాతి వాయిదాను ముందే కట్టి రసీదు తీసుకోండి.

పోలీసుల్ని పంపుతామంటున్నారు. అప్పు కట్టకపోతే అరెస్టు చేస్తారా?

అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. పోలీసులకు అప్పు వసూలు చేసే పని లేదు. చెక్కు బౌన్సు అయితే మాత్రం అది నేరమే. అదైనా పోలీసు స్టేషన్ నుంచి మొదలవదు. ముందు లాయరు నోటీసు, అది అందిన తర్వాత 15 రోజుల గడువు, అప్పటికీ కట్టకపోతే కోర్టులో ఫిర్యాదు, సమన్లు, ఇదీ వరస. ఐపీ పెట్టినంత మాత్రాన చెక్కు కేసు ఆగదు. కోర్టు సమన్లు వస్తే తప్పకుండా హాజరు కావాలి. ఆ కేసులు కూడా లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు.

సివిల్ డిక్రీ అమలులో జైలు అనే మాట చట్టంలో ఉన్నా, కట్టే స్తోమత ఉండి కావాలని ఎగ్గొట్టేవాడికే అది వర్తిస్తుందని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్లను అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ఒప్పుకోదు. ఎవరైనా ఖాకీ యూనిఫాంలో వీడియో కాల్ చేసి డబ్బు వేయమంటే అది మోసం. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వాట్సాప్‌లో కోర్టు నోటీసు అంటూ ఏదో పంపారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

కేసు నిజంగా వేసి ఉంటే దానికి 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే కేసు వివరాలు వస్తాయి. నంబరు లేకపోతే మీ పేరుతో కూడా వెతకొచ్చు. కేసు వేయకముందు రాజీకి పిలిచే ప్రీ లిటిగేషన్ లోక్ అదాలత్ నోటీసులు మాత్రం ఇలా కనిపించకపోవచ్చు. వాటి సంగతి చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గానీ, తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలో గానీ అడిగితే చెబుతారు. అబద్ధపు నోటీసులు ఎక్కువైపోయాయని నిజమైనదాన్ని కూడా చెత్తలో వేసేవాళ్లున్నారు. ఆ పని చేయకండి.

ఫోన్ మోగితే చాలు గుండె దడ. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఫోన్ల పని కొన్నాళ్లు ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. అప్పుల కోసం విడిగా ఒక నంబరు పెట్టుకుని, దాన్ని రోజుకు ఒక గంట మాత్రమే ఆన్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ సంగతి బ్యాంకుకు రాసి తెలిపితే సరిపోతుంది. ఇంట్లోవాళ్లకు అప్పు సంగతి దాచి ఉంచినవాళ్లకే టెన్షన్ ఎక్కువ, ఎందుకంటే ఏజెంటు చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఆ దాపరికమే. భార్యకో భర్తకో అన్నకో చెప్పేయండి. బతకాలని లేదనే ఆలోచన ఏ కొంచెం వచ్చినా 14416కి చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

## ఇంటికి, బంధువులకు, ఊళ్లోకి

మా అత్తగారికి, ఆఫీసులో మేనేజరుకు ఫోన్ చేసి నా అప్పు సంగతి చెబుతున్నారు.

ఇది నియమాలకు విరుద్ధం. అప్పు తీసుకున్నవారి కుటుంబం, స్నేహితులు, రిఫరెన్సుగా ఇచ్చినవాళ్ల జోలికి వెళ్లి పరువు తీయకూడదని ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. లోను యాప్‌లు మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదన్న నియమమూ ఉంది. ఎవరికి ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చిందో వాళ్లతోనే ఒక వాట్సాప్ మెసేజీ రూపంలో రాయించుకుని ఫిర్యాదుకు జతచేయండి. ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపితే బ్యాంకు ఫిర్యాదుతో ఆగొద్దు, అది 1930కి, పోలీసులకు చెప్పాల్సిన నేరం.

నాకు జామీను పెట్టిన మా బావను వేధిస్తున్నారు. రాజీ నాకైతే ఆయనకూ అయినట్టే కదా?

అన్నిసార్లూ కాదు. జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానమని కాంట్రాక్టు చట్టం చెబుతుంది, కాబట్టి ఆయనకు ఫోన్ చేయడం దానంతట అది తప్పు కాదు. ఓటీఎస్ అయితే డబ్బు మొత్తం కట్టాక జామీనుదారు కూడా విముక్తుడైనట్టు లెటర్లో ఆయన పేరుతో రాయించండి. ఐపీ అయితే సంగతి కష్టం. మీకు కోర్టు డిశ్చార్జ్ (పాత అప్పుల నుంచి విముక్తి) ఇచ్చినా అది జామీనుదారును విడిపించదు. ఐపీ పెట్టే ముందే బావతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం ఇది. ఇప్పటికే పెట్టేసి ఉంటే, ఆయన పేరు మీద విడిగా ఓటీఎస్ అడిగే దారి ఉందేమో చూడండి.

గ్రూపు లోను నాది. నేను రాజీకి వెళ్లానని మిగతా ఆడవాళ్లు ఇంటి ముందు కూర్చుంటున్నారు.

మైక్రోఫైనాన్స్ అప్పుల్లో ఇది అన్నిటికన్నా బాధపెట్టేది. ఫీల్డు ఆఫీసరు వెనకుంటాడు, గొడవ మాత్రం ఒకే వీధి ఆడవాళ్ల మధ్య జరుగుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మైక్రోఫైనాన్స్ నియమాల ప్రకారం వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోట జరగాలి. వరసగా రెండుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ మీరు ఆ చోటికి రాకపోతేనే ఇంటికి గానీ పనిచేసే చోటికి గానీ రావచ్చు. వచ్చినా తిట్టడం, భయపెట్టడం, నలుగురి ముందు అవమానించడం కూడదు. మిగతా సభ్యులను ఉసిగొల్పి కూర్చోబెట్టడం ఆ వేధింపు కిందే ఫిర్యాదు చేయదగినది.

కానీ చట్టం ఒకటే సరిపోదు. ఆ అక్కలకు నిజమైన భయం ఉంది. మీరు కట్టకపోతే తమకు కొత్త లోను రాదంటారు, మీ వాయిదా తమ మీద వేస్తారంటారు. వాళ్లను కూర్చోబెట్టి మీ రాజీ కాగితం చూపించండి, మీరు ఎగ్గొట్టడం లేదని, ఫలానా తేదీకి ఫలానా మొత్తం కడుతున్నారని చెప్పండి. ఫీల్డు ఆఫీసరు లేనప్పుడు ఆ మాట నడుస్తుంది. వాళ్లలో ఒక్కరు మీ వైపు నిలిచినా గుంపు పలచబడుతుంది. అది డ్వాక్రా సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చిన అప్పు అయితే, గ్రామ సమాఖ్య లేదా పట్టణంలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని మధ్యలో పెట్టుకోవచ్చు.

వడ్డీకి ఇచ్చిన ప్రైవేటు మనిషి దగ్గర ఆర్‌బీఐ రూలు పనిచేస్తుందా?

పనిచేయదు. వారం వడ్డీ, మీటరు వడ్డీ, నూటికి ఐదు పది రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లు ఆర్‌బీఐ కిందికి రారు. వాళ్ల విషయంలో పనిచేసేవి కోర్టు, పోలీసు. ఐపీ పిటిషన్‌లో వాళ్ల పేరు, ప్రామిసరీ నోటు, మీరు సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కుల నంబర్లు అన్నీ రాయించండి. ఇంటికొచ్చి బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద అది నేరం. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. స్టేషన్లో పట్టించుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు చూపించాక గొంతు తగ్గించిన వడ్డీ వ్యాపారులు ఉన్నారు.

ఆటో లాక్కుపోతామంటున్నారు.

ఆటో అప్పుకు తాకట్టే కాబట్టి, రాజీ తప్పితే దాన్ని తీసుకునే హక్కు వాళ్లకు ఉండొచ్చు. రాజీ ప్రకారం కడుతున్నంత కాలం ఉండదు. రాజీ లెటరు, చివరి రసీదు ఫొటోలు ఆటోలోనే ఉంచుకోండి. ఎప్పుడైనా సరే దౌర్జన్యంగా, మనుషుల్ని పెట్టి లాక్కోవడం కుదరదని 2007లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. రోడ్డు మీద ఆపితే తాళం ఇవ్వకుండా 112కి చేయండి.

## ఫిర్యాదు చేయాలనుకుంటే

ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

ముందు ఆ బ్యాంకు లేదా ఫైనాన్సు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ తేదీ, ఏ టైము, ఏ నంబరు, ఏమన్నారు అన్నది వరసగా రాసి, రాజీ లెటరు జతచేస్తే చాలు. మీ కష్టాల చరిత్ర అంతా రాయొద్దు, చదివేవాళ్లు అసలు విషయం వదిలేస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో పెట్టొచ్చు, 14448కి చేసి అడగొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అదే విషయం కోర్టులో నడుస్తుంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. ఆర్‌బీఐ నియంత్రణలో లేని వడ్డీ వ్యాపారి మీద కూడా తీసుకోరు.

లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేదు.

న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి చేయండి, లేదా నేరుగా కోర్టు ఆవరణలోని న్యాయసేవల ఆఫీసుకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఆధార్, రాజీ కాగితం, వచ్చిన నోటీసులు వెంట తీసుకెళ్లండి.

## చివరి వాయిదా కట్టాక

మొత్తం కట్టేశాను. ఇంకేమైనా చేయాలా?

బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకోండి. ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి అడగండి. పోయాయంటే ఆ మాటే రాయించుకుని, మీ బ్యాంకులో ఆ నంబర్లకు స్టాప్ పేమెంట్ పెట్టండి. ఇంటి కాగితాలు తాకట్టులో ఉంటే అప్పు తీరిన 30 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల లెక్కన పరిహారం ఇవ్వాలని 2023లో ఆర్‌బీఐ చెప్పింది. బండి అయితే ఆర్‌సీలో ఫైనాన్సు పేరు తీసేయించుకోవడం మరవద్దు.

సిబిల్ రిపోర్టులో (అప్పుల చరిత్రలో) "సెటిల్డ్" అని పడింది. మళ్లీ లోను రాదా?

కొంతకాలం కష్టమే. తక్కువకు రాజీ చేసుకున్నవారికి అదే సంస్థ కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 జూన్‌లో ఆర్‌బీఐ చెప్పింది, వ్యవసాయ అప్పులకు మాత్రం ఆ గడువును బ్యాంకులే నిర్ణయించుకోవచ్చు. రిపోర్టులో ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తుంటే దిద్దమని అడగండి. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం వస్తుంది. ఏడాదికి ఒక రిపోర్టు ఉచితం. "సెటిల్డ్ తీసేయిస్తాం" అని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

ఐపీ ఉత్తర్వు వచ్చి చాలా రోజులైంది. ఇప్పుడు మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి.

డిశ్చార్జ్ కోసం దరఖాస్తు పెట్టారా? దివాలా ఉత్తర్వులోనే కోర్టు దానికి ఒక గడువు పెడుతుంది. ఆ గడువులోపు అడగకపోతే 43వ సెక్షన్ కింద ఉత్తర్వే రద్దయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు అప్పులవాళ్లకు పాత హక్కులు తిరిగొస్తాయి. ఉత్తర్వు చేతికి రాగానే పని అయిపోయిందనుకుని వకీలును కలవడం మానేసేవాళ్లు చాలామంది. రేపే వెళ్లి ఫైలు ఏ స్థితిలో ఉందో కనుక్కోండి. డిశ్చార్జ్ వచ్చినా ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భార్యాపిల్లలకు కోర్టు వేసిన మనోవర్తి పోవు.

"మీ పాత లోను మేం కొన్నాం" అని వేరే కంపెనీ ఫోన్ చేస్తోంది.

బ్యాంకులు మొండి బాకీలను ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మడం నిజమే. అప్పు వాళ్లకు బదిలీ అయిన లెటరు పంపమనండి. మీరు అంతకుముందే రాజీ కట్టేసి ఉంటే బాకీ లేదన్న సర్టిఫికెట్ కాపీని వాళ్లకు, పాత బ్యాంకుకు ఇద్దరికీ పంపండి. రాజీ మధ్యలో ఉండగా అమ్మితే, ఆ రాజీ కొత్త కంపెనీకీ వర్తిస్తుందని రాతలో తీసుకునేదాకా కొత్త ఖాతాలోకి డబ్బు మార్చకండి.

రాజీ వాయిదాలు కడుతూనే నాన్న పోయారు. ఇప్పుడు నాకు ఫోన్లు చేస్తున్నారు.

మీరు జామీనో, జతగా అప్పు తీసుకున్నవారో కాకపోతే ఆ అప్పు మీ సొంతం కాదు. నాన్న నుంచి మీకు వచ్చిన ఆస్తి విలువ మేరకే మిమ్మల్ని అడగగలరు. మీ జీతం జోలికి రాలేరు. మరణ ధ్రువపత్రం కాపీ ఇచ్చి, ఆ అప్పుకు ఇన్సూరెన్సు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. చాలా ఇళ్ల అప్పులకు, మైక్రోఫైనాన్స్ అప్పులకు అప్పు ఇచ్చినప్పుడే ప్రీమియం కోసుకుని ఉంటారు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు. క్లెయిము తేలేదాకా "నేను కడతాను" అని ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.